బుడ్డ ముక్కు, అణువు బంధం

దసరా రాత్రి దేవరగట్టు కొండ కింద నిలబడి చూసేవాళ్లకి కర్ర కనబడదు, కర్ర తిరిగిన జాడే కనబడుతుంది. మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం ముగిసి ఉత్సవ విగ్రహాలు కొండ దిగే వేళకు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం వాటి చుట్టూ కమ్ముకుంటారు. విగ్రహాలను దక్కించుకోవాలని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎదురొస్తారు. దివిటీల వెలుగులో ఇనుప రింగులు తొడిగిన కర్రలు లేస్తాయి. 'గోపరాక్' అన్న కేకల మధ్య కంటికి అందేవల్లా గాలిలో పొడుగాటి పచ్చని చారలు. ఏటా ఎందరో గాయపడే ఆ రాత్రి గురించి రాయాల్సింది చాలానే ఉంది. ఇక్కడ నేను చెప్పదలచుకున్నది అక్కడ చూసిన ఒక ఫొటో గురించి.

నా పక్కన నిలబడ్డ కుర్రాడు ఫ్లాష్ కొట్టి ఒక ఫొటో తీశాడు. తీసి చూపించాడు. అందులో కర్రలన్నీ గాలిలో నిలిచిపోయి ఉన్నాయి. ఒక కర్ర కొసన ఉన్న రింగు, దాని మీద తుప్పు మరక, పట్టుకున్న చెయ్యి, ఆ చేతికున్న దారం దాకా తేటగా ఉన్నాయి. కర్ర కొస సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో తిరుగుతోందనుకుందాం. మన కన్ను ఒక దృశ్యాన్ని పట్టుకునే ఇరవయ్యో వంతు సెకనులో ఆ కొస మీటరు దూరం జరిగిపోతుంది. అందుకే చార. ఫ్లాష్ వెలుగు ఉండేది సెకనులో పదివేలో వంతు. అంతలో కర్ర జరిగేది రెండు మిల్లీమీటర్లు. అందుకే అది నిలిచినట్టుంది. కదిలేది ఎంత వేగంగా కదిలితే, మెరుపు అంత పొట్టిగా ఉండాలి.

ఈ లెక్కనే అణువు దాకా తీసుకుపోదాం. అణువు అంటే పరమాణువులు బంధాలతో ముడిపడిన గుంపు. ఆ బంధం తెగేటప్పుడు పరమాణువు ఇంచుమించు సెకనుకు కిలోమీటరు వేగంతో జరుగుతుంది. జరగాల్సిన దూరం మాత్రం మీటరులో వెయ్యికోట్లో వంతు. అంటే మొత్తం తతంగం వంద ఫెమ్టోసెకన్లలో అయిపోతుంది. సెకనును పదికోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఫెమ్టోసెకను. సెకను ముందు ఫెమ్టోసెకను ఎంతో, మూడుకోట్ల ఏళ్ల ముందు సెకను అంత.

1987లో అమెరికాలోని కాల్టెక్‌లో అహ్మద్ జెవాయిల్ బృందం అయోడిన్ సయనైడ్ అనే చిన్న అణువు మీద ఇలాంటి మెరుపు కొట్టింది. అయోడిన్ విడిపోవడానికి సుమారు రెండు వందల ఫెమ్టోసెకన్లు పడుతుందని, ఆ విడిపోవడాన్ని నడిమధ్యలో పట్టుకుని చూపించింది. బంధం తెగడం అంతకు ముందు రసాయన శాస్త్రవేత్తలకు ఒక బాణం గుర్తు. ఈ వైపు ఇది, ఆ వైపు అది, మధ్యలో ఏం జరిగిందో ఊహ. జెవాయిల్ ఆ మధ్యను చూపించాడు. 1999లో నోబెల్ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.

చూడగలిగిన తర్వాత మనిషి ఊరుకోడు. తెగేదాన్ని చూడగలిగితే, ఎక్కడ తెగాలో చెప్పగలమా?

ఈ ప్రశ్న ఎంత కష్టమో నాకు అర్థమైంది మా అవ్వ బుడ్డలు ఒలవడం చూశాక. వేరుశనగ కాయల్ని మా వైపు బుడ్డలంటాం. చిన్నప్పుడు నేను రాయి తీసుకుని కొట్టేవాణ్ణి. పొట్టు, పప్పు, పప్పు మీది ఎర్రతొక్క అన్నీ కలిసి నుజ్జయ్యేవి. "రాయెందుకురా, ముక్కు పట్టి ఒత్తు" అనేది అవ్వ. కాయ కొసన కొక్కెంలా వంగిన చోట బొటనవేలితో ఒక్కసారి ఒత్తితే అతుకు వెంట టప్పున విచ్చుకుని, రెండు గింజలూ చెక్కుచెదరకుండా అరచేతిలో పడేవి. ఆమె వాడిన బలం నేను వాడినదాంట్లో పదో వంతు కూడా ఉండదు.

రసాయన శాస్త్రం చేతిలో వందల ఏళ్లుగా ఉన్నది నా రాయే. దాన్ని వేడి అంటాం. వేడి చేస్తే శక్తి అణువులోని అన్ని బంధాలకూ పాకుతుంది. అన్నిటికన్నా బలహీనమైనది ముందు తెగుతుంది. మనకు కావలసింది పక్క బంధమైతే వేడికి పట్టదు. ఉత్ప్రేరకాలు, ద్రావకాలు, ఒత్తిడి అంటూ శాస్త్రవేత్తలు ఎన్నో ఉపాయాలు కనిపెట్టారు. కానీ 'ఈ బంధం, ఇప్పుడు' అని వేలు పెట్టి చూపే వీలు వాళ్లకు లేకపోయింది.

1960లో లేజర్ వచ్చినప్పుడు ఆ వేలు దొరికిందనుకున్నారు. ప్రతి బంధమూ తీగలా కంపిస్తుంది, ఒక్కోదానికి ఒక్కో శ్రుతి. సరిగ్గా ఆ శ్రుతికి కుదిరిన రంగు కాంతి వేస్తే ఆ ఒక్క బంధమే ఊగి ఊగి తెగిపోవాలి కదా? ఊహ అందంగా ఉంది. అణువు మాత్రం ఒప్పుకోలేదు. నులక మంచం మీద ఒక మూల తాడు గుంజి చూడండి, మంచమంతా కదులుతుంది. అణువులో బంధాలు అలా ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. ఒక బంధానికి పోసిన శక్తి కొన్ని వందల, వేల ఫెమ్టోసెకన్లలోనే మిగతా వాటికి కారిపోతుంది. ఎంతో ఖర్చుపెట్టి గురిచూసి కొట్టినా చివరికి జరిగేది పెనం మీద వేయించడమే.

కారిపోని అణువులు కొన్ని ఉన్నాయి. వాటిలో నాకు బాగా ఇష్టమైనది మన గోదావరి ఒడ్డున పుట్టే భారజలంతో ముడిపడినది. తెలంగాణలో మణుగూరు భారజల కర్మాగారం ఉంది. అక్కడ తయారయ్యే నీటిలో హైడ్రోజన్‌కు బదులు దానికి రెట్టింపు బరువుండే డ్యుటీరియం ఉంటుంది. ఆ నీరొక చెంచా, మామూలు నీరొక చెంచా కలిపితే పరమాణువులు వాటంతటవే చేతులు మారతాయి. ఒక ఆక్సిజన్‌కు ఒక పక్క తేలిక హైడ్రోజన్, ఇంకో పక్క బరువు హైడ్రోజన్ ఉండే సంకర నీరు పుడుతుంది. తేలికది తొమ్మిది ఫెమ్టోసెకన్లకొకసారి ఊగుతుంది, బరువుది పన్నెండుకు. శ్రుతులు అంత తేడాగా ఉండటం వల్ల ఒకదాని శక్తి ఇంకోదానికి తేలిగ్గా కారదు. 1990లో అమెరికాలో ఫ్లెమింగ్ క్రిమ్ బృందం తేలిక పక్కను ముందు ఒక లేజర్‌తో బాగా ఊపి, ఆ వెంటనే ఇంకో లేజర్‌తో కొట్టింది. తెగింది చాలావరకు తేలిక పక్కే. ఒకే అణువులో ఎడమా కుడీ అని చెప్పి ఒక పక్కను తెంపడమంటే, బుడ్డ ముక్కు దొరికినట్టే.

కానీ ప్రకృతిలో అణువులన్నీ సంకర నీటిలా రెండే బంధాలతో ఉండవు. పెద్ద అణువులో కారిపోవడం తప్పదు. అయితే కారిపోయేలోపే పని ముగిస్తే? ఈ ఆలోచన నుంచే చాలా పొట్టివి, చాలా తీవ్రమైనవి అయిన లేజర్ మెరుపులు రసాయన శాస్త్రంలోకి వచ్చాయి.

తీవ్రమైన మెరుపు ఎంతదో చెప్పడానికి మా ఆదోని పత్తే తీసుకుంటాను. ప్రయోగశాలల్లో మామూలుగా వాడే మెరుపు ముప్పై ఫెమ్టోసెకన్లు ఉంటుంది. ఆ కాస్తలో కాంతి పోయే దూరం తొమ్మిది మైక్రాన్లు. ఒక పత్తి పోగు మందం పదిహేను మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే గాలిలో ఎగురుతున్న ఆ మెరుపు మొత్తం, తలా తోకా కలిపి, ఒక పత్తి పోగు మందం కూడా ఉండదు. అందులో ఉండే శక్తి ఒక మిల్లీజౌలు. రెండు గ్రాముల బుడ్డను అయిదు సెంటీమీటర్లు పైకెత్తితే అయ్యే పని అంతే. కానీ ఆ పిసరంత పనినీ ముప్పై ఫెమ్టోసెకన్లలో కుక్కితే, ఆ క్షణంలో దాని సామర్థ్యం 33,000 మెగావాట్లు. శ్రీశైలం కుడిగట్టు, ఎడమగట్టు కేంద్రాలు రెండూ నిండుగా తిరిగితే వచ్చేది 1,670 మెగావాట్లు. దానికి ఇరవై రెట్లు! దీన్ని కటకంతో వెంట్రుక కన్నా సన్నటి చుక్కకి కుదిస్తే చదరపు సెంటీమీటరుకు 1 పక్కన 15 సున్నాలు పెట్టినన్ని వాట్లు.

ఇలాంటి మెరుపును నేరుగా పెంచబోతే పెంచే గాజూ స్ఫటికమూ కాలిపోతాయి. ఆ చిక్కు విప్పింది 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరు. వాళ్ల ఉపాయం మా ఊళ్లో ప్రెస్సింగ్ ఫ్యాక్టరీ చూసినవాళ్లకి కొత్తగా అనిపించదు. పత్తి వదులుగా ఉన్నంతసేపు ఎంత పోసినా గోడౌన్‌కు ఏమీ కాదు, కుప్ప పెరుగుతుందంతే. చివర్లో ప్రెస్సుకిచ్చి 170 కిలోల బేలు కడతారు. వాళ్లూ ముందు మెరుపును సాగదీసి వదులు చేశారు, ఆ వదులు మెరుపులో శక్తి నింపారు, ఆఖర్న మళ్లీ బిగించారు. 2018 నోబెల్‌లో వాళ్లిద్దరికీ వాటా దక్కింది.

ఈ మెరుపు అణువు మీద పడితే ఏమవుతుందనేదే అసలు కథ. కాంతి అంటే విద్యుత్ క్షేత్రం అటూ ఇటూ ఊగడమే. హైడ్రోజన్ పరమాణువులో కేంద్రకం తన ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచే క్షేత్రం సెంటీమీటరుకు 514 కోట్ల వోల్టులు. మన మెరుపులో క్షేత్రం దానిలో ఆరో వంతుకు చేరుతుంది. అణువులో వెలుపలి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దూరంగా, అంత గట్టి పట్టు లేకుండా ఉంటాయి కాబట్టి ఈ ఆరో వంతే వాటిని ఊడబెరకడానికి చాలు. ఇక్కడ బంధానికి శ్రుతి కుదిర్చే పని లేదు. మెరుపు ఉన్నంతసేపు ఆ అణువు మునుపటి అణువే కాదు. దాని బంధాలు మెత్తబడతాయి. 1990లో ఫిలిప్ బక్స్‌బామ్ బృందం ఒక ఎలక్ట్రాన్ ఊడిన హైడ్రోజన్ అణువులో, అంటే దాని అయాన్‌లో, ఈ మెత్తబడటాన్ని పసిగట్టింది. మామూలుగా తెగని బంధం కాంతి పట్టుకుని వంచిన ఆ కాసేపట్లో తెగిపోతుంది.

తీవ్రత ఇంకా పెంచితే వరసగా ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. బంధమంటే ఎలక్ట్రాన్ల జిగురే కదా. జిగురు పోగానే మిగిలినవన్నీ ధనావేశం ఉన్న ముక్కలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ పేలిపోతాయి. దీన్ని కూలుంబ్ విస్ఫోటం అంటారు. ముక్కలు ఏ దిక్కుకు ఎంత వేగంతో పోయాయో కొలిచి వెనక్కి లెక్కకడితే, పేలేముందు అణువు ఏ ఆకారంలో ఉందో తెలుస్తుంది. కొలిచే పద్ధతీ సులువుగా అర్థమయ్యేదే. గాలి తీసేసిన ఉక్కు గదిలోకి సన్నటి వాయువు ధార వదులుతారు. మెరుపు తగిలి పుట్టిన అయాన్లను విద్యుత్ క్షేత్రంతో ఒక పలక మీదికి లాగుతారు. ఒకే తోపుకి తేలికది ముందు చేరుతుంది, బరువుది వెనక వస్తుంది. చేరిన వేళ చూసి అది ఏ ముక్కో చెబుతారు.

ఈ రంగంలో మన దగ్గర పేరున్న మనిషి ఎం. కృష్ణమూర్తి. హైదరాబాద్ గోపన్‌పల్లిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ప్రాంగణంలో తీవ్ర లేజర్ పనులు ఆయన నడిపించినవే. అంతకు ముందు ముంబయిలో దీపక్ మాథుర్, వినోద్ కుమరప్పన్‌లతో కలిసి 2001లో ఆయన చేసిన పని ఒకటుంది. వేలకొద్దీ ఆర్గాన్ పరమాణువులు అతుక్కున్న గుత్తుల్ని మెరుపుతో పేల్చారు. పేలుడు అన్ని దిక్కులా సమంగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. కాంతి క్షేత్రం ఊగే దిక్కున అయాన్లు ఎక్కువ శక్తితో వచ్చాయి. 2013లో ఆయన బృందం ఇంకో అడుగు వేసింది. గుత్తులు పేలి దూసుకొచ్చే అయాన్లకు దారిలో ఎలక్ట్రాన్లు అందేలా చేసి, ఆవేశం లేని వేగపు పరమాణువులుగా మార్చి చూపించింది. ఆ ఫలితం నేచర్ ఫిజిక్స్‌లో వచ్చింది. ఆవేశం లేని వస్తువును ఏ విద్యుత్ యంత్రమూ తోయలేదు. ఆవేశమున్నప్పుడే తోసేసి, తర్వాత ఆవేశం తీసెయ్యడంలో ఎంత తెలివి ఉందో చూడండి.

బలంతో పగలగొట్టడం వచ్చింది. అవ్వ చెప్పిన ముక్కు ఎక్కడ? అది మెరుపు ఆకారంలో ఉంది. దీనికి ఎమ్మిగనూరు మగ్గం దగ్గరికి పోవాలి.

1938లో మాచాని సోమప్ప నేతపనివారల సహకార సంఘం పెట్టిన ఊరది. మగ్గం మీద పడుగు పోగుల్లో ఏది లేవాలో ఏది దిగాలో తేల్చే ఏర్పాటు ఉంటుంది. పోగులు అవే, లేచే వరస మారితే అంచు మీది పువ్వు మారుతుంది. పొట్టి మెరుపులో ఒకే రంగు ఉండదు. ఎంత పొట్టిదైతే అంత ఎక్కువ రంగులు కలవాలి. అది కాంతి స్వభావం. ఆ మెరుపును గీతల పలక మీద పడేస్తే ఎరుపులోని ఛాయలన్నీ పడుగు పోగుల్లా పక్కపక్కన విచ్చుకుంటాయి. దారిలో ద్రవస్ఫటికాల తెర పెడతారు. మొదటి రోజుల్లో 128 గడులుండేవి. ఒక్కో గడి తనలోంచి పోయే ఛాయను కొంచెం ఆలస్యం చేస్తుంది. మళ్లీ అన్నిటినీ కలిపితే మెరుపు కొత్త ఆకారంలో బయటికి వస్తుంది. ఒకే దెబ్బ రెండుగా చీలవచ్చు, ముందు మెల్లగా లేచి తర్వాత విరుచుకుపడవచ్చు, రంగులు ఒకదాని వెనక ఒకటి వరసగా రావచ్చు. అణువుకు తగిలేది అంతే శక్తి. తగిలే తీరు మాత్రం వేరు.

ఏ ఆకారం ఏ బంధాన్ని తెంపుతుందో ముందుగా లెక్కగట్టడం పెద్ద అణువుల్లో అసాధ్యం. ఒక్కో గడికి పది ఆలస్యాలే అనుకున్నా, ఆకారాల సంఖ్య 1 పక్కన 128 సున్నాలు. 1992లో రిచర్డ్ జడ్సన్, హెర్షెల్ రాబిట్జ్ చెప్పిన పరిష్కారం పత్తి రైతుకు తెలిసినదే. ముందు ఏవో కొన్ని ఆకారాలు వెయ్యి. కావలసిన ముక్క ఎక్కువ ఇచ్చినవాటిని విత్తనానికి ఉంచు, మిగతావి పారెయ్యి. ఉంచినవాటిని ఒకదానితో ఒకటి సంకరం చేసి మళ్లీ విత్తు. లేజర్ సెకనుకు వెయ్యిసార్లు మెరుస్తుంది కాబట్టి రైతుకు ఏళ్లు పట్టే ఎంపిక ఇక్కడ నిమిషాల్లో అవుతుంది. అణువే తన లెక్క తాను చేసి జవాబు చెబుతుంది.

హైదరాబాద్ గచ్చిబౌలిలో ఐఐఐటీలో హర్జిందర్ సింగ్ బృందం ఈ ఎంపిక పద్ధతినే కంప్యూటర్‌లో నడిపింది. అణువును కోరిన కంపన స్థితికి ఎక్కించే మెరుపు ఆకారాన్ని పరిణామ సూత్రంతో వెతికిన వాళ్ల పని 2010లో అచ్చయింది. ఈ ఎంపిక పద్ధతితో బంధాలు తెగే తీరును మార్చవచ్చని ప్రయోగంలో తొలిసారి చూపింది జర్మనీలో గుస్తవ్ గెర్బర్ బృందం, 1998లో. ఇనుముకు క్లోరిన్, కార్బన్ మోనాక్సైడ్, ఒక అయిదు కార్బన్ల వలయం తగిలించిన అణువు తీసుకున్నారు. ఒక ఆకారపు మెరుపుతో ఒకే ఒక్క కార్బన్ మోనాక్సైడ్ ఊడి మిగతాదంతా నిలిచిన ముక్క ఎక్కువ వచ్చింది. ఇంకో ఆకారంతో వలయం కూడా ఊడి, ఇనుమూ క్లోరినూ మిగిలాయి. 2001లో రాబర్ట్ లెవిస్ బృందం ఎసిటోఫీనోన్‌తో చేసింది ఇంకా విచిత్రం. మధ్యలో ఉన్న కార్బన్ మోనాక్సైడ్‌ను తీసేసి, అటూ ఇటూ ఉన్న రెండు కొసల్నీ కలిపి టోలుయిన్ పుట్టించింది. తెంపడమే కాదు, ముడి వేయడం కూడా.

ఈ ఫలితాలు చూసి కొందరు రేపో మాపో మందుల ఫ్యాక్టరీల్లో లేజర్లు వస్తాయని రాశారు. నేను ఒప్పుకోను. ఒక మెరుపు తాకేది వెంట్రుకలో ముక్కంత చోటునే, అందులోని పలచని వాయువునే. టన్నుల్లో రసాయనం చేయడానికి ఆ లెక్క కుదరదు. ఇంకో మాట కూడా నిజాయతీగా చెప్పాలి. కొన్ని ప్రయోగాల్లో గెలిచిన ఆకారాన్ని విప్పి చూస్తే, అందులో పెద్ద తెలివేమీ లేదు, తీవ్రత ఎక్కువో తక్కువో అయింది, అంతే. అందుకే ఎంత గెలిచామన్నదానికన్నా ఎందుకు గెలిచామన్నది అడిగే పరిశోధకులంటే నాకు గౌరవం.

అలా అడిగినవాళ్ల ప్రయోగం 2006లో వచ్చింది. మాథియాస్ క్లింగ్, మార్క్ వ్రాకింగ్ బృందం మెరుపును అయిదు ఫెమ్టోసెకన్లకు కుదించింది. ఆ కాంతి అల ఒకసారి ఊగడానికి 2.7 ఫెమ్టోసెకన్లు కావాలి. అంటే మెరుపు మొత్తంలో రెండు ఊపులే. అప్పుడు అల శిఖరం మెరుపు నడుమ ఉందా, పక్కకు జరిగిందా అన్నది ముఖ్యమైపోతుంది. వాళ్లు ఆ శిఖరాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ డ్యుటీరియం అణువును తెంపారు. తెగాక రెండు పరమాణువులకూ కలిపి మిగిలేది ఒక్క ఎలక్ట్రాన్. అది పైదానికి దక్కాలా, కిందిదానికి దక్కాలా? శిఖరం స్థానం మార్చితే ఎలక్ట్రాన్ వాటా మారింది. రెండు ముక్కలూ అచ్చంగా ఒకటే కాబట్టి ఇందులో బలహీన బంధం, బలమైన బంధం అన్న మాటే లేదు. వేళ ఒక్కటే తేడా.

మనకు ఇంకా దగ్గరి ఉపయోగం హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడి అధిక శక్తి పదార్థాల పరిశోధన కేంద్రంలో ఎస్. వేణుగోపాలరావు బృందం ఆర్‌డీఎక్స్, హెచ్‌ఎంఎక్స్ లాంటి పేలుడు పదార్థాల పిసరు మీద ఫెమ్టోసెకను మెరుపులు, వాటికన్నా లక్షల రెట్లు పొడవైన నానోసెకను మెరుపులు వేసి, లేచిన వెలుగును పోల్చి చూసింది. ముక్కలైన అణువులో కార్బన్-నైట్రోజన్ జంటలు, కార్బన్-కార్బన్ జంటలు ఒక్కోటి తమదైన రంగుతో వెలుగుతాయి. ఆ వెలుగే పదార్థం పేరు చెబుతుంది. దూరం నుంచి ముట్టుకోకుండా అనుమానపు మూటను గుర్తుపట్టాలంటే, అణువు ఎలా ముక్కలవుతుందో తెలిసి ఉండాలి.

ఇవన్నీ చదువుతూ నేను మళ్లీమళ్లీ ఆగిపోయే చోటు మిథనాల్. ఒక కార్బన్‌కు మూడు హైడ్రోజన్లు, పక్కన ఆక్సిజన్‌కు ఇంకొకటి ఉండే చిన్న అణువది. 2005లో టోక్యోలో యమనౌచి బృందం దాని మీద తీవ్ర మెరుపు వేస్తే, పలక మీద చేరిన ముక్కల్లో మూడు హైడ్రోజన్ల అయాన్ కనబడింది. దాని పుట్టుక తర్వాత తేలింది. మెరుపు తగిలి రెండు ఎలక్ట్రాన్లు పోయాక, రెండు హైడ్రోజన్లు జంటగా ఊడతాయి. ఊడి దూరంగా పోవు. మిగిలిన అణువు చుట్టూనే తిరుగుతాయి. వంద, రెండు వందల ఫెమ్టోసెకన్లు అలా తిరిగి, మూడో హైడ్రోజన్ కేంద్రకాన్ని లాక్కుని అప్పుడు వెళ్లిపోతాయి. కార్బన్ మీది మూడింటినీ డ్యుటీరియంతో మార్చి చూస్తే, మూడోది ఒక్కోసారి ఆక్సిజన్ పక్క నుంచి కూడా వస్తోందని తెలిసింది.

ఇదే మూడు హైడ్రోజన్ల అయాన్‌ను 1989లో బృహస్పతి ధ్రువాల వెలుగులో చూశారు, 1996లో నక్షత్రాల మధ్య మేఘాల్లో పసిగట్టారు. ఆ మేఘాల్లో నీటి అణువు పుట్టడానికి దారితీసే వరసలో అది ముందు నిలబడుతుంది. దేవరగట్టు మీద నుంచి దసరా తర్వాతి చీకటి రాత్రుల్లో, దివిటీలన్నీ ఆరిపోయాక, పాలపుంతలో నల్లగా కనబడే చోట్లు అలాంటి మేఘాలే.